పక్కూరు పెట్టిన పేరు

అనకాపల్లి వైపు చోడవరం, పెందుర్తి, దేవరాపల్లి దారుల్లో తిరిగే బస్సుల మీద కె.కోటపాడు అన్న బోర్డు చూసిన కొత్తవాళ్లు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. ఆ కోట ఎవరిది? అది ఎప్పుడు పాడుపడింది? అడగ్గానే ఎవరో ఒకరు జవాబు చెబుతారు కూడా. ఒక రాజు, ఒక దండయాత్ర, కూలిన గోడలు, మిగిలిన పేరు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఊరిపేర్లను ఈ తీరున చదివేటప్పుడు మనం ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకుంటున్నాం. ఎవరో పెద్దమనిషి ఒక మంచిరోజు చూసి ఊరికి పేరు పెట్టాడని, ఆ పేరులో ఆయన ఉద్దేశం దాగి ఉందని, దాన్ని విప్పితే చరిత్ర బయటపడుతుందని. బిడ్డకు బారసాల చేసినట్టు ఊరికి ఎవరూ చేయరు. మన పల్లెల పేర్లలో ఎక్కువ భాగం ఆ ఊళ్లో ఉన్నవాళ్లు పెట్టుకున్నవి కావనీ, పాలించినవాళ్లు ఇచ్చినవి అంతకన్నా కావనీ నా వాదన. పొరుగూరివాళ్లు, దారిన పోయేవాళ్లు, సంతకు వచ్చేవాళ్లు, శిస్తు రాసుకునేవాళ్లు, ‘ఏ ఊరు?’ అని అడిగినవాడికి ఆనవాలు చెప్పడానికి వాడిన మాటలే పేర్లయి నిలిచాయి. ఊరి నడుమ నిలబడినవాడికి ఊరిపేరుతో పనిలేదు. ఇవాళ్టికీ పల్లెల్లో సొంత ఊరిని పేరుపెట్టి అనరు. ‘ఊళ్లోకి వెళ్తున్నా’, ‘వాడు ఊళ్లో లేడు’ అంటారు. పేరు కావలసింది బయటివాడికి.

ముందు కోటపాడు సంగతే చూద్దాం. పాడు అనగానే శిథిలమని చెవికి తోస్తుంది. అయితే గుంటూరు వైపు పెదనందిపాడు ఉంది, నరుకుళ్లపాడు ఉంది. కృష్ణా వైపు దుగ్గిరాలపాడు ఉంది. గోదావరి జిల్లాలో రంగంపేట దగ్గర మరో కోటపాడే ఉంది. ఇన్నిచోట్ల జనం శిథిలాల పక్కనే కాపురాలు పెట్టి, ఆ దురదృష్టాన్నే ఊరిపేరుగా మోశారని నమ్మడం కష్టం. పేరు చివర వచ్చే ఈ పాడు వేరు. పల్లి, వాడ, పూడి, పర్రు లాగా అదీ జనం కాపురమున్న చోటును చెప్పే పాతమాట. తమిళ, కన్నడ ఊరిపేర్ల చివర కనబడే పాడి దానికి చుట్టం. కాబట్టి కోటపాడు అంటే కోట ఉన్న పల్లె, లేదా కోటను ఆనుకున్న పల్లె. కోట అన్నది కూడా గోల్కొండలాంటిది కానక్కర్లేదు. జమీందారీల కాలంలో ఈ ప్రాంతం పొడుగునా మట్టిగోడలు, కందకం, చుట్టూ ముళ్లకంప ఉన్న చిన్న కోటలు చాలా ఉండేవి. ఇక ‘కోట ఉన్న పల్లె’ అన్న ఆనవాలు ఎవరికి కావాలి? కోటలో ఉన్నవాడికి అక్కర్లేదు. కోట లేని చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే ఆ మాట పనికొస్తుంది. ఒడిశాలో కొరాపుట్ జిల్లాలో కోట్‌పాడ్ అని నేతబట్టలకు పేరున్న ఊరు ఒకటుంది. చెవికి మన కోటపాడు లాగే వినిపిస్తుంది. కానీ చెవి సాక్ష్యం ఒక్కటే చాలితే, ఇంగ్లీషువాళ్లు కోకనాడ అని రాసినందుకు కాకినాడకు కెనడాతో చుట్టరికం కలిపిన కథ కూడా నిజమైపోవాలి.

మరి ఏ సాక్ష్యం చాలుతుంది? ఊరిపేర్లను శాస్త్రంగా చదివినవాళ్లు అన్ని దేశాల్లోనూ దాదాపు ఒకే పద్ధతి పట్టారు. పేరుకు దొరికినంతలో పాత రాతరూపం ఏమిటో చూడాలి. అదే తోక ఉన్న మిగతా పేర్లతో కలిపి చూడాలి. ఆపైన ఆ నేల మీదికి వెళ్లి చూడాలి. తెలుగులో కడప జిల్లా ఊర్లపేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి, ఇతర జిల్లాల గ్రామనామాల మీద యార్లగడ్డ బాలగంగాధరరావు చేసిన పని ఈ దారిలోదే. పాతరూపం ఎందుకు ముఖ్యమో మనకు దగ్గరలోని వడ్డాది అనే ఊరే చెబుతుంది. ఇప్పటి రూపం ఒక్కటే చేతిలో ఉంటే వడ్డన దగ్గర మొదలుపెట్టి వడ్డీ వ్యాపారం దాకా ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లవచ్చు. కానీ ఇక్కడ ఏలిన మత్స్యవంశపు రాజుల శాసనాల్లో ఆ పేరు ఒడ్డవాది అని ఉంది. ఒడ్డవాది నాలుక మీద నలిగి వడ్డాది అయింది. ఆ వంశపు అర్జునుడు శక సంవత్సరం 1191లో, అంటే క్రీస్తు శకం 1269లో, బ్రాహ్మణులకు ఒక ఊరు దానం చేస్తూ రాగిరేకులు రాయించాడు. అందులో ఊరిపేరు ద్రుబ్బిడి. ఇప్పుడది దిబ్బిడి. రాజు దానమిచ్చాడు, ఊరు అగ్రహారమైంది, కాగితాల్లో దిబ్బిడి అగ్రహారం అని ఎక్కింది. అయినా ఏడున్నర శతాబ్దాల తర్వాత కూడా జనం నోట ఉన్నది రాజుకు ముందునుంచీ ఉన్న పేరే. దానం పుచ్చుకున్నవాళ్లకు అగ్రహారం అన్న గౌరవం ముఖ్యం కావచ్చు. పక్కూరి రైతుకు దానితో నిమిత్తం లేదు.

ఇంగ్లండులో ఈ పని మనకన్నా ముందే గట్టిగా సాగింది. 1086లో రాజు వేయించిన డూమ్స్‌డే లెక్కల పుస్తకం వాళ్లకు వేల ఊళ్ల పాతరూపాలను ఒక్కచోట ఇచ్చింది. 1923లో ఊరిపేర్ల కోసమే ఒక సంఘం పెట్టుకుని జిల్లా తర్వాత జిల్లాగా సంపుటాలు వేస్తూ వచ్చారు. అక్కడి పేర్లు నా వాదనకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. తొమ్మిదో శతాబ్దంలో డెన్మార్కు నుంచి డేన్‌లు వచ్చి తూర్పు, ఉత్తర ఇంగ్లండులో స్థిరపడ్డారు. వాళ్ల భాషలో ఊరికి బీ అంటారు. గ్రిమ్స్‌బీ, డర్బీ లాంటి పేర్ల తోక అదే. ఆ ప్రాంతంలోనే ఇంగిల్‌బీ అనే ఊళ్లున్నాయి. ఇంగ్లీషువాళ్ల ఊరు అని దానర్థం. ఇంగ్లండులో ఉంటూ తమ ఊరిని ఇంగ్లీషువాళ్ల ఊరు అని ఏ ఇంగ్లీషువాడు పిలుచుకుంటాడు? చుట్టూ డేన్‌లు నిండిపోయిన చోట, డేన్‌లు పెట్టిన పేరది. వాల్టన్ అనే ఊళ్లు చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటికి అర్థం పరాయివాళ్ల ఊరు. పరాయివాళ్లంటే ఇంగ్లీషువాళ్లకన్నా ముందునుంచీ ఆ నేల మీద ఉన్న బ్రిటన్లు! వేల్స్ అన్న దేశం పేరూ ఆ మాట నుంచి వచ్చిందే. అక్కడివాళ్లు తమను తాము కమ్రీ అనుకుంటారు. తర్వాత వచ్చినవాడు ముందున్నవాణ్ని పరాయివాడని పిలిస్తే, అదే దేశానికి పేరైపోయింది. అక్కడ కొల్లలుగా ఉన్న నార్టన్, సట్టన్, వెస్టన్ అనే ఊళ్లూ అంతే. ఉత్తరపు ఊరు, దక్షిణపు ఊరు, పడమటి ఊరు. మరో చోట నిలబడి చూసేవాడు లేకపోతే ఉత్తరం లేదు, దక్షిణం లేదు.

మన దగ్గర ఇంగిల్‌బీకి సాటివచ్చే మాట వలస. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఈ తోక ఉన్న ఊళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఆంధ్రదేశంలో మరో ప్రాంతంలో ఇంత చిక్కగా కనబడవు. కె.కోటపాడు మండలంలోనే సూదివలస, దాలివలస, పోతనవలస ఉన్నాయి. రైలు జంక్షన్ ఉన్న కొత్తవలస పక్కనే ఉంది. ఒకచోటి నుంచి కొన్ని కుటుంబాలు కదిలి, అడవి అంచునో బంజరులోనో పాకలు వేసుకుని, నేల బాగుచేసుకుంటే అది వలస. అలా వచ్చినవాళ్లు తమ ఊరిని వలస అని తామే ఎందుకు అంటారు? వాళ్లకు అది కష్టపడి నిలబెట్టుకున్న ఇల్లూ వాకిలీ. ముందునుంచీ ఉన్న ఊళ్లవాళ్లే అంటారు, ‘వాళ్లు వలసవాళ్లు, అది వాళ్ల వలస’ అని. కొత్తవలసలో కొత్త అన్న మాట దీన్ని ఇంకా గట్టిపరుస్తుంది. కొత్తదనం చూసేవాడి కళ్లకే కనబడుతుంది. ఊళ్లో పుట్టి పెరిగిన రెండో తరానికి అది కొత్త కాదు. 1960ల్లో అక్కడి నుంచి కిరండూల్ దాకా ఇనుపఖనిజం కోసం రైలుమార్గం వేసేనాటికే ఆ ఊరు పాతదైపోయింది. రైల్వేవాళ్లు మాత్రం దాన్ని కొత్త అనే రాసుకున్నారు, ఇప్పటికీ కొత్తే. వలస అన్న మాటకు ఈ ప్రాంతంలో ‘వెళ్లిపోవడం’ కన్నా ‘వచ్చి నిలవడం’ అన్న అర్థమే బలంగా ఉందని కూడా ఈ పేర్ల వల్ల తెలుస్తుంది. పనుల కోసం ఊళ్లు వదిలి హైదరాబాదు, చెన్నై వెళ్లే ఉత్తరాంధ్రవాళ్ల గురించి రాసేటప్పుడు పత్రికలు వలస ప్రాంతం అని ఒక ముద్ర వేస్తుంటాయి. ఊరిపేర్ల లెక్కన చూస్తే ఇది శతాబ్దాలుగా జనం వచ్చి చేరిన ప్రాంతం.

నేలను బట్టి, నీటిని బట్టి వచ్చిన పేర్లలోనూ ఈ బయటి చూపు కనబడుతుంది. మేడిచెర్ల అనే ఊరిపేరులో చెర్ల అన్నది చెరువుకు సంబంధించిన రూపం. మాచర్లలో ఉన్నదీ అదే. మేడిచెట్టు ఉన్న చెరువు దగ్గరి ఊరు. ఎండాకాలంలో పశువులు తోలుకుపోయే పొరుగువాడికి, బండి ఆపుకునే బాటసారికి, ఏ చెరువు గట్టున ఏ చెట్టుందో తెలియడం ముఖ్యం. చౌడువాడ పేరు వినగానే చౌడునేల గుర్తుకొస్తుంది. ఉప్పు పేరుకుని, పైన తెల్లగా పొక్కి, విత్తనం మొలవని నేల అది. ఏ ఊరూ ‘మాది చౌడు’ అని గొప్పగా చెప్పుకోదు. పిల్లనిచ్చేముందు నేల సంగతి ఆరాతీసే పక్కూరివాళ్లే ఆ మాట అంటారు. ఇక్కడ ఒకరు అడ్డుపడవచ్చు. చౌడు అంటే నేలే ఎందుకవ్వాలి, చౌడయ్య అనే మనిషి కావచ్చు, చౌడమ్మ అనే దేవత కావచ్చు, చోడరాజుల పేరే అరిగి ఉండవచ్చు కదా అని. న్యాయమైన ప్రశ్నే. దీన్ని తేల్చేది చెవి కాదు; నేల పరీక్ష, పాత రాతరూపం. కానీ ఈ నాలుగు దారుల్లో ఏది నిజమైనా నా వాదనకు దెబ్బ తగలదు. నేల అయినా, మనిషి అయినా, అమ్మవారైనా, ఆ ఊరిని మిగతా ఊళ్ల నుంచి విడదీసి చూపడానికి బయటివాడికి అందిన ఆనవాలే అది. కె.సంతపాలెం సంగతి ఇంకా తేట. సంత ఊరివాళ్లకన్నా పది ఊళ్లవాళ్లది. వారానికోసారి గంపలతో, తట్టలతో, బెల్లం దిమ్మలతో, కోడిపుంజులతో దిగేవాళ్లకే అది సంతపాలెం.

మనుషుల పేర్లతో ఉన్న ఊళ్లను చూపించి కొందరు గట్టి అభ్యంతరమే చెబుతారు. లంకవానిపాలెం, సింగన్నదొరపాలెం, చంద్రయ్యపేట, బుచ్చయ్యపేట. ఇవి ఊరు కట్టినవాడు తన పేరు నిలబడాలని పెట్టుకున్నవి కావా? ఆ పేర్లను పైకి ఒకసారి చదివి చూడండి. లంకవాని అన్న మాటలో ఉన్నది మూడో మనిషిని చూపించే వాడు. లంకవారి ఇంటివాళ్లు కూర్చుని తమ ఊరిని ‘లంకవాడి పాలెం’ అనుకోరు. ‘అది ఎవరి పాలెం?’ అంటే ‘లంకవాడిది’ అని అవతలివాడు చెబుతాడు. సింగన్నదొర అన్నప్పుడు దొర అనే గౌరవం ఎవరిస్తే వచ్చింది? తన పేరుకు తానే దొర తగిలించుకునేవాడు అరుదు. కింద పనిచేసినవాళ్లు, ఆయన దగ్గరికి కాగితం మోసినవాళ్లు, పక్కూళ్ల రైతులు ఆయన్ని దొర అన్నారు, ఆ దొర ఊరిపేరులో ఉండిపోయాడు. పాలెం అన్న మాటే ఒకప్పుడు దండు విడిసిన చోటు. దక్షిణాదిన పాలెగాళ్లు అన్న మాట అందులోంచి పుట్టింది. మన దగ్గరికొచ్చేసరికి కత్తులు పోయి, నాగళ్లు మిగిలి, పాలెం అంటే పెద్ద ఊరికి కొంచెం దూరంగా ఉన్న రైతుల చిన్న ఊరు అయింది. అనకాపల్లిలో గవరపాలెం ఉంది. గవర్లు మాత్రమే ఉన్నచోట దాన్ని గవరపాలెం అనవలసిన అవసరమే రాదు. మిగతా కులాలవాళ్లు కూడా ఉన్న పట్నంలోనే ఆ పేరు పుడుతుంది. ఇంగిల్‌బీ లెక్కే ఇది కూడా.

రాజులు పెట్టిన పేర్ల గతి చూస్తే ఈ వాదనకు ఇంకొంత బలం వస్తుంది. కులోత్తుంగ చోళుడు 1070 నుంచి 1122 దాకా ఏలాడు. కళింగం మీదికి ఆయన సేనలు వచ్చాయి, సింహాచలం గోడ మీద ఆయన కాలపు శాసనమూ ఉంది. ఆనాటి శాసనాల్లో విశాఖపట్నానికి కులోత్తుంగచోడపట్టణం అన్న పేరు కనిపిస్తుంది. వర్తక సంఘాలున్న రేవుపట్నం, రాజుగారి పేరు, రాతి మీద చెక్కిన అక్షరాలు, ఇంకేం కావాలి? అయినా ఆ పేరు నిలవలేదు. రేవుకు వచ్చిపోయే బేరగాళ్లు, పడవలవాళ్లు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు విశాఖపట్నం అనే అన్నారు. తూర్పు గంగుల రాజధాని కళింగనగరం అన్న పేరు వందల ఏళ్లపాటు రాగిరేకుల్లో వెలిగింది. ఇప్పుడు ఆ పేరుతో ఊరు లేదు. ఆ చోటు ముఖలింగమని పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులు శాసనాలు చదివి వాదించవలసి వచ్చింది. యాత్రికుడికి రాజధాని అక్కర్లేదు, లింగం మీద ముఖం ఉన్న గుడి కావాలి. ఆ ఆనవాలు నిలిచింది. వేంగిని ఏలిన వీరచోడుడు ఒక అగ్రహారాన్ని వీరచోడచతుర్వేదిమంగళం అన్నాడు. అంత పేరును ఏ బండివాడు నోట పట్టించుకుంటాడు?

అయితే నేను నాకు కావలసినవే ఏరుకుంటున్నానని మీరు అనవచ్చు. చోడవరంలో చోడుడు ఉన్నాడు కదా, విజయనగరం గజపతుల పేరు చెక్కుచెదరలేదు కదా, బెజవాడ విజయవాడ అయింది కదా అని. నిజమే, రాజుల పేర్లు కొన్ని నిలిచాయి. ఏ పరిస్థితిలో నిలిచాయన్నదే ఇక్కడ చూడవలసిన సంగతి. విజయనగరం కోటకు 1713లో పునాది పడింది. కోటతోపాటే ఊరు పెరిగింది. పోటీపడే పాతపేరు లేనిచోట రాజు పెట్టినదే పొరుగువాడికీ మొదటిమాట అయింది. చోడవరం విషయంలో చోడ అన్నది ఏ వంశం గుర్తయినా, గంగుల్లో చోడగంగుడు ఉన్నాడు, తీరమంతా వెలనాటి చోడులు ఉన్నారు, అది రాజముద్రే అని ఒప్పుకుంటాను. కానీ చోడవరాలు ఒకటికి మించి అయ్యేసరికి రాజుగారి పేరు ఒక్కటే ఆనవాలుగా చాలలేదు. ఏజెన్సీ ముఖద్వారంలో ఉన్న చోడవరానికి రంప కలిసి రంపచోడవరం అయింది. ఆ రంపను రాజు కలపలేదు, ‘ఏ చోడవరం?’ అన్న ప్రశ్న కలిపింది. ఇక బెజవాడ. పదో శతాబ్దం నాటికే యుద్ధమల్లుడి పద్యశాసనంలో చోటు చేసుకున్న ఆ పేరును విజయవాడ గెలిచింది, కాదనను. రైలు టైంటేబుల్, పాఠ్యపుస్తకం, ప్రభుత్వ ముద్ర మూడూ ఒకేవైపు నిలిస్తే ఊరిపేరు మార్చవచ్చని దానివల్ల తెలిసింది. అప్పుడు కూడా పేరు మార్చినది బయటివాడే. పక్కూరి రైతు బదులు ఆఫీసు వచ్చి కూర్చుంది. 2015లో రాజమండ్రిని రాజమహేంద్రవరం చేశారు. ఆఫీసు రాసుకుంది, టికెట్టు అడిగేవాడు మాత్రం ఇంకా రాజమండ్రి అనే అంటున్నాడు.

ఆఫీసు పెట్టిన గుర్తుల్లో అన్నిటికన్నా విచిత్రమైనవి మన ఊళ్ల ముందుండే ఇంగ్లీషు అక్షరాలు. కె.కోటపాడు, ఎ.కోడూరు, ఎస్.కోట, ఎల్.కోట, ఎస్.రాయవరం, జి.మాడుగుల. ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు ఉంటే తపాలావాడికీ తాలూకా గుమాస్తాకీ తేడా తెలియాలి. అందుకని ముందు ఒక మాట కలిపారు, తర్వాత ఆ మాటను అక్షరానికి కుదించారు. ఎస్.కోట శృంగవరపుకోట, ఎల్.కోట లక్కవరపుకోట, జి.మాడుగుల గంగరాజు మాడుగుల. కుదింపు వల్ల ఎంత పోతుందో ఎస్.రాయవరం దగ్గర చూడాలి. గురజాడ అప్పారావు 1862లో పుట్టిన ఊరది. ఆ ఎస్ సర్వసిద్ధి. యలమంచిలి కేంద్రంగా ఉన్న పాత తాలూకా పేరు అది, సర్వసిద్ధి అన్న ఊరు ఇప్పటికీ ఉంది. ఏడో శతాబ్దంలో ఏలిన తూర్పు చాళుక్య రాజు మొదటి జయసింహుడి బిరుదు సర్వసిద్ధి. ఆ బిరుదునూ ఈ ఊరిపేరునూ కలిపి చూడడం సహజం. అలా చూస్తే పదమూడు వందల ఏళ్ల నాటి జాడ ఒక్క ఇంగ్లీషు అక్షరం వెనక నక్కి ఉంది. బడిలో పిల్లవాడు ఎస్.రాయవరం అని రాస్తాడు, ఎస్ అంటే ఏమిటని మాస్టారు అడగరు. పేర్లు మార్చినందుకు వీధికెక్కి గొడవచేసే మనం, పేర్లు ఇలా అక్షరాలైపోతుంటే నోరు మెదపం. నన్నడిగితే రెండోదే పెద్ద నష్టం.

స్థలపురాణాల మాట చెప్పకుండా ముందుకు పోతే అన్యాయమవుతుంది. అరసవల్లిని హర్షవల్లి అంటారు. దర్శనంతో హర్షం కలుగుతుంది కాబట్టి ఆ పేరట. అయితే పాత కన్నడంలో అరస అంటే రాజు. చివరి వల్లి, విల్లి పల్లికి మారురూపాలు. పెద్దపులి పెబ్బులి అయి, పెబ్బులి బొబ్బిలి అయిందంటారు, శ్రీకాకుళం ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని పులి అని ముడి కూడా వేస్తారు. బొబ్బిలివాళ్ల పౌరుషానికి పులి అమరినట్టుంటుంది కాబట్టి ఆ కథను ఎవరూ వదులుకోరు. కె.కోటపాడు మండలంలో గరుగుబిల్లి ఉంది, పార్వతీపురం వైపు మరో గరుగుబిల్లి ఉంది. వీటి పక్కన పెట్టి చూస్తే బొబ్బిలి చివరిభాగం కూడా ఆ పల్లి కుటుంబానిదే అనిపిస్తుంది నాకు. ఇలాంటి కథలన్నీ పనికిరానివని నేను అనడం లేదు. పేరు పెట్టిన కాలం గురించి అవి ఏమీ చెప్పవు. పేరు అర్థం మరచిపోయిన కాలం గురించి చాలా చెబుతాయి. అర్థం తెలిసిన పేరుకు కథ అక్కర్లేదు. సంతపాలేనికి పురాణం ఎవరూ రాయలేదు.

మరపు ఎంత దూరం పోతుందో అనకాపల్లి పక్కన శంకరంలో చూడవచ్చు. అక్కడ కొండ మీద బౌద్ధభిక్షువుల విహారాలు, రాతిలో తొలిచిన గుహలు, వందలకొద్దీ చిన్నా పెద్దా స్తూపాలు ఉన్నాయి. 1906 తర్వాత పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వించేదాకా ఆ సంగతి లోకానికి సరిగా తెలియదు. సంఘం ఉండే ఆరామం సంఘారామం. భిక్షువులు తమ చోటుకు ఇంకేదైనా పేరు పెట్టుకున్నారేమో గానీ, కిందినుంచి చూసిన పల్లెజనానికి అది సంఘారామమే. బౌద్ధం పోయింది, భిక్షువులు పోయారు, మాట మాత్రం కింది ఊరిని అంటిపెట్టుకుని సంకరం, శంకరం అయి, శివుడి పేరులా వినిపించడం మొదలైంది. పైనున్న బుద్ధన్న కొండ బొజ్జన్న కొండ అయింది. అక్కడితో ఆగలేదు. బొజ్జ అన్న మాట వినబడేసరికి కొండ మీది పొట్టలాంటి ఆకారం ఒక రాక్షసుడిదన్న నమ్మకం పుట్టి, కనుమనాడు కొండెక్కి దాని మీద రాళ్లు విసిరే ఆచారం చాలాకాలం సాగింది. పేరును చెవితో చదివిన ఫలితం అది. విచిత్రమేమిటంటే, అర్థం ఎవరికీ తెలియకపోయినా పేరు తన సాక్ష్యాన్ని వదలలేదు. పురావస్తువాళ్ల పార పడకముందు వెయ్యేళ్లపాటు అక్కడ బౌద్ధం ఉందని రోజూ పలుకుతున్నది ఆ ఊరిపేరు ఒక్కటే.

ఇంకొక అభ్యంతరం ఉంది, అన్నిటికన్నా పదునైనది. నిలిచిన పేర్లను చూసి ‘పొరుగువాళ్లవే నిలిచాయి’ అంటున్నావు. ఊరివాళ్లు తమకు తాము పెట్టుకుని, రాతకెక్కకుండా పోయిన పేర్ల లెక్క ఎవరు చూశారు? ఈ ప్రశ్నకు పాతకాలంలో జవాబు దొరకడం కష్టం. మన కళ్లముందు పుడుతున్న పేర్లలో దొరుకుతుంది. విశాఖపట్నంలో ప్రభుత్వం, నగరపాలకులు, నాయకులు కూడళ్లకు ఎన్ని పేర్లు పెట్టలేదు? జనం నోట ఉన్నది జగదాంబ, అంటే ఒక సినిమాహాలు. ఎన్ఏడీ కొత్తరోడ్డు, అంటే నౌకాదళపు ఆయుధాల డిపో, ఒకప్పుడు కొత్తగా వేసిన ఒక రోడ్డు. ఆశీలుమెట్ట, అంటే సరుకు మీద ఆశీలు వసూలుచేసిన మెట్ట. ఈ పేర్లు అక్కడ కాపురమున్నవాళ్లు సమావేశం పెట్టుకుని తీర్మానించినవి కావు. బస్సులో కండక్టరు పిలుపు, ఆటో ఎక్కేవాడి బేరం, ఊరినుంచి వచ్చినవాడికి చెప్పిన గుర్తు. పల్లెల్లోనూ ఇదే నడుస్తోంది. పథకం పేరుతోనో నాయకుడి పేరుతోనో కట్టిన కాలనీ బోర్డు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది, పాత ఊరివాళ్లు మాత్రం దాన్ని కొత్తకాలనీ అంటారు. కొత్తవలస పుట్టిన రోజున ఏమి జరిగి ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల అక్కర్లేదు.

చేయవలసిన పని చాలా మిగిలి ఉంది, ఆలస్యమూ అవుతోంది. 2022 ఏప్రిల్‌లో కె.కోటపాడు విశాఖ జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. 1985లో మండలాలు వచ్చినప్పుడు తాలూకాలు పోయాయి. ఇలా సరిహద్దు జరిగినప్పుడల్లా పాత దస్త్రాలు చేతులు మారతాయి, కొన్ని చిరునామా లేకుండా పోతాయి. రీసర్వేలో పొలాలకు కొత్త నంబర్లు వస్తున్నాయి. మేరలు సరిచేసుకోవడానికి అది మంచిదే కావచ్చు. కానీ ప్రతి ఊళ్లోనూ పొలాలకూ, గెడ్డలకూ, బందలకూ, గరువులకూ వేర్వేరు పేర్లున్నాయి. వాటిలో ఒక్కటి కూడా పాస్‌పుస్తకంలోకి ఎక్కదు. ఊరిపేరు కన్నా పొలంపేరు పాతదై ఉండే అవకాశం చాలా ఉంది. చెరువు ముందు, ఊరు తర్వాత అని మేడిచెర్ల పేరే చెబుతోంది కదా. అరవై దాటిన రైతులకూ, పశువుల వెంట తిరిగినవాళ్లకూ, నీరు కట్టినవాళ్లకూ ఆ పేర్లు నోటికి వస్తాయి. హైస్కూలు పిల్లలు ఒక సెలవుల్లో కూర్చుని ఊరి పటం మీద వాటిని రాసుకోగలరు. అప్పుడు ఏ ఊరి పొలాల పేర్లు ఆ ఊళ్లోనే అడిగి ఊరుకోకుండా, సరిహద్దు అవతలి రైతును కూడా అడగాలి. చాలాచోట్ల రెండు పేర్లు వస్తాయి, రెండూ రాసుకోవాలి. వాటి పక్కన పెట్టి చూడడానికి సింహాచలం గుడిగోడల మీద, స్తంభాల మీద వందలాది శాసనాలు ఉన్నాయి. దీపానికి ఆవులు ఇచ్చినవాళ్లు, భూములు రాసినవాళ్లు, వాళ్ల ఊళ్లు, ఆ ఊళ్ల సరిహద్దులు వాటిలో నమోదయ్యాయి. చాలాభాగం 1928లోనే దక్షిణ భారత శాసనాల సంపుటంలో అచ్చయ్యాయి కూడా. వాటిలోని ఊళ్లను ఇప్పటి మండలాల పటం మీద ఒక్కొక్కటిగా గుర్తుపెట్టే పని ఏ కళాశాల చరిత్ర విభాగమైనా రేపే మొదలుపెట్టవచ్చు.